పోకచెక్క మిగిలింది, అడకత్తెర పోయింది

మా పెద్దమ్మ మొదటిసారి డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయలుదేరినప్పుడు ఆమె చేతిసంచిలో తమలపాకుల తిత్తి, ఆ తిత్తిలో ఒక అడకత్తెర ఉన్నాయి. అది ఆమె అత్తగారి కాలం నాటి ఇత్తడి అడకత్తెర. రెండు పిడుల చివర రెండు చిలకలుండేవి, వాటిలో కుడివైపు చిలక ముక్కు మూడు తరాల బొటనవేళ్ళ కింద అరిగి గుండ్రంగా నున్నబడిపోయింది. సెక్యూరిటీ తనిఖీలో ఎక్స్‌రే తెర ముందు కూర్చున్న ఉద్యోగికి అది ఎలా కనబడి ఉంటుందో ఊహించగలను: ఒక మేకు దగ్గర కలిసే రెండు లోహపు కాళ్ళు, అందులో ఒకదానికి పదును. సంచి పక్కకు తీశారు, తెరిపించారు, హిందీలో ఏదో అడిగారు. పెద్దమ్మకు అర్థం కాక ఒక పోకచెక్క బయటికి తీసి, నములుతున్నట్టు అభినయించి చూపించింది. వాళ్ళు నవ్వారు, నవ్వుతూనే అడకత్తెరను పక్కనున్న డబ్బాలో పడేసి, వక్కలు మాత్రం ఆమె చేతికి తిరిగి ఇచ్చారు. గాజుగోడకు ఇవతల, టికెట్టు లేనివాళ్ళు నిలబడే చోటి నుంచి నేను అప్పటికే చెయ్యి ఊపి వెనుదిరిగి పార్కింగు వైపు నడుస్తున్నాను.

అది ఏ విమానాశ్రయమో చెప్పను. చెబితే తప్పు ఆ ఒక్క చోటిదే అనిపిస్తుంది, నా అనుభవంలో మాత్రం ఏ చోటైనా ఇంచుమించు ఇంతే. ఆ ఉద్యోగుల మీద నాకు కోపం కూడా లేదు, ఎందుకంటే పదునైన అంచున్న పనిముట్టును విమానం లోపలికి పోనివ్వకపోవడం వాళ్ళ విధి. నా బాధ వేరే. అలాంటి వస్తువు దొరికినప్పుడు ప్రయాణికులకు ఒక్క దారే ఉండదు. చెక్-ఇన్ సామాను ఇంకా లోపలికి పోకపోతే కౌంటరుకు తిరిగి వెళ్ళి అందులో పెట్టించుకోవచ్చు. బయట ఉన్న బంధువును పిలిపించి అప్పగించవచ్చు. అలాంటి వస్తువులను ఇంటికి పార్శిల్ చేసే ఏర్పాటున్న చోట డబ్బు కట్టి పంపించుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే వదిలేయాలి. పెద్దమ్మకు ఆ చివరి దారి ఒక్కటే దొరికింది, మిగతావి ఉన్నాయన్న సంగతే ఆమెకు తెలియదు, తెలిసిన భాషలో ఆమెకు చెప్పినవారు లేరు.

అందుకే విమానాశ్రయాల్లో తనిఖీ గురించి నేను చేయదలచిన వాదన, అది మరీ కఠినంగా ఉందని కాదు. కఠినంగానే ఉండాలి. ఏ నియమం ఎందుకుందో చెప్పకుండా, కేవలం 'ఇది తీసెయ్యి, అది విప్పెయ్యి' అని నడిపించే తనిఖీ మనుషులను భయపెడుతుంది తప్ప సిద్ధం చేయదు. కారణం తెలిసినవాళ్ళకు జాబితాతో పని ఉండదు, ఎదురుగా ఉన్న వస్తువును చూసి వాళ్ళే తేల్చుకుంటారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళను విమానం ఎక్కించే ముందు మనం చేసే పని మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాట్సాప్‌లో వచ్చిన 'ఇవి తీసుకెళ్ళకూడదు' జాబితా ఒకటి చదివి వినిపించి మన బాధ్యత తీరిందనుకుంటాం. ఆ జాబితాలో అడకత్తెర పేరు ఎన్నడూ ఉండదు.

నిజానికి ఈ నియమాల్లో చాలావాటికి పుట్టినతేదీ ఉంది. 1976 సెప్టెంబరు 10న ఢిల్లీ నుంచి బొంబాయి వెళుతున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దారి మళ్ళించి లాహోరుకు తీసుకుపోయారు. ఆ ఘటన తర్వాత వేసిన పాండే కమిటీ సిఫారసుతో 1978 జనవరిలో పౌరవిమానయాన భద్రతకు ఒక విభాగం ఏర్పడింది, ఈనాటి బీసీఏఎస్‌కు అదే మొదలు. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా వారి కనిష్క విమానం ఐర్లాండు తీరానికి దూరంగా అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న సూట్‌కేసును వాంకూవర్‌లో అప్పగించిన ప్రయాణికుడు విమానమే ఎక్కలేదు. సామాను లోపలికి పంపి మనిషి గేటు దగ్గరికి రాకపోతే మైకులో పేరు పెట్టి పదేపదే పిలవడం, చివరికి విమానం ఆలస్యమైనా సరే ఆ పెట్టెను వెతికి దింపేయడం వెనక ఉన్న భయం ఇదే. బయట వరండాలో పరిచయమైన పెద్దమనిషి 'మా అబ్బాయికి ఈ పొట్లం ఒక్కటి ఇవ్వండమ్మా' అన్నప్పుడు తీసుకోకూడదని చెప్పడానికి కారణమూ దాదాపు ఇదే: ఆ పొట్లంతో పాటు దాని యజమాని విమానంలో కూర్చోడు. ఈ సంగతి ఇలా విడమరచి చెప్పిన తర్వాత పెద్దమ్మ మొహమాటపడటం మానేసింది. అంతకు ముందు నేను 'వద్దంటే వద్దు' అని పదిసార్లు చెప్పినా ఆమెకు అది మర్యాద తెలియని మాటగానే తోచింది.

మూడోది మన తరానికి బాగా గుర్తున్నది. 1999 డిసెంబరు 24న కాఠ్మాండూ నుంచి ఢిల్లీకి బయలుదేరిన ఐసీ-814 విమానం హైజాకై కాందహార్ చేరింది. ఆ తర్వాతే విమానాశ్రయాల కాపలా రాష్ట్రాల పోలీసుల చేతి నుంచి కేంద్ర బలగమైన సీఐఎస్ఎఫ్‌కు మారడం మొదలైంది, 2000 ఫిబ్రవరి 3న జైపూర్ మొదటిది. ఈ మార్పు భద్రతకు మేలు చేసిందనడంలో నాకు సందేహం లేదు. అయితే దానితో పాటు ఒక చిన్న విషయం కూడా మారింది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. బేగంపేటలో ఒకప్పుడు సోదా చేసిన పోలీసుకు తెలుగు వచ్చి ఉండేది. దేశమంతటా బదిలీ అయ్యే బలగంలో శంషాబాదులోనో గన్నవరంలోనో నిలబడ్డ కానిస్టేబులు ఏ రాష్ట్రం నుంచైనా వచ్చి ఉండవచ్చు, అతనికి తెలుగు రావాలని ఆశించడానికి వీల్లేదు.

ఇక తనిఖీ ఎలా జరుగుతుందో, ఎక్కడ ఏమవుతుందో చెబుతాను. మన దేశంలో అది సెక్యూరిటీ వరుసలో కాక టెర్మినల్ గుమ్మం దగ్గరే మొదలవుతుంది. తుపాకీ పట్టుకున్న జవాను టికెట్టునూ గుర్తింపు కార్డునూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఆయన చూసేది ముఖ్యంగా రెండు: ముఖం, పేరు. ముఖం సంగతి సరే, మన పేర్లతోనే చిక్కు. ఇంటిపేరు ముందో వెనకో, పొడి అక్షరంగానో పూర్తిగానో, 'లక్ష్మి'లో ఇంగ్లీషు అక్షరాలు ఎన్నో, ఇవన్నీ ఆధారులో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా, టికెట్టు బుక్ చేసిన మనవడి ఫోనులో మరొకలా ఉంటాయి. విదేశీ ప్రయాణానికి పాస్‌పోర్టులో ఉన్నదే పేరు, అందులో ఉన్న అక్షరాలే అక్షరాలు. డిజియాత్ర అనే యాప్ వచ్చిన తర్వాత దేశీయ ప్రయాణాల్లో ముఖమే టికెట్టుగా చూపించి లోపలికి పోవచ్చు. 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలలో మొదలై తర్వాత హైదరాబాదు, విజయవాడలకూ వచ్చింది. అది గుమ్మం దగ్గర నిలబడే సమయాన్ని తగ్గిస్తుంది, సోదాను మాత్రం తగ్గించదు. ఈ తేడా తెలియక 'యాప్ ఉంది కదా' అని ఆలస్యంగా బయలుదేరినవాళ్ళను నేను చూశాను.

కౌంటరులో సామాను ఇచ్చేటప్పుడు పవర్ బ్యాంకు ఉందా, లైటరు ఉందా అని అడుగుతారు. చాలామంది అలవాటుగా లేదనేస్తారు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో ఉండకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. పెద్దమ్మ దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంది: ప్రమాదకరమైనదైతే మనుషుల మధ్య ఎందుకు, కింద సామానులో పడెయ్యొచ్చు కదా అని. లిథియం బ్యాటరీ అంటుకుంటే కింది అరలో చూసే దిక్కుండదు, మనుషుల మధ్య అంటుకుంటే పొగ కనబడుతుంది, విమాన సిబ్బంది ఆర్పగలుగుతారు అని చెప్పాక ఆమెకు ఇక గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు. మామూలుగా 100 వాట్-అవర్ల లోపు అయితే అనుమతి ఉంటుంది. అంగట్లో దొరికే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్లు, కనుక దానికి ఇబ్బంది లేదు. దాని మీద అంకెలు చెరిగిపోతే మాత్రం ఎంతటిదో నిరూపించుకునే దారి లేదు.

తర్వాత ట్రేల దగ్గరి హడావుడి. ల్యాప్‌టాప్, ఫోను, పవర్ బ్యాంకు, బెల్టు, చిల్లర డబ్బులు ట్రేలో పెట్టాలి. ఎందుకో ఎక్స్‌రే తెర చెబుతుంది. ఆ తెర మీద లోహాలు నీలంగా, సేంద్రియ పదార్థాలు నారింజ రంగులో, ఆ రెంటికీ మధ్యవి ఆకుపచ్చగా కనబడతాయి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ, బోర్డులు దట్టంగా ఉంటాయి కాబట్టి దాని కింద ఏమున్నదో కనబడదు, అందుకే దాన్ని విడిగా పెట్టమంటారు. మన తినుబండారాల సంగతి ఇక్కడే వస్తుంది. చీర, బియ్యప్పిండి, పూతరేకులు, బెల్లం అచ్చు, మాడుగుల హల్వా అన్నీ తెర మీద నారింజే. పేలుడు పదార్థాలు కూడా చాలావరకు సేంద్రియాలే కనుక అవీ నారింజే. పలచగా విడివిడిగా ఉన్న పూతరేకుల పెట్టె చూడగానే తెలిసిపోతుంది గానీ, రెండు కిలోల హల్వా ఒక్క ముద్దగా ఉంటే తెర ముందున్న మనిషి ఆగి చూడక తప్పదు. స్టీలు డబ్బాలో స్టీలు డబ్బా పెట్టి సర్దితే ముదురు నీలపు మరక తప్ప మరేమీ కనబడదు. సంచి తెరిపించారంటే మనల్ని దొంగలుగా అనుమానించినట్టు కాదు, మన సర్దుడు వాళ్ళకు కనబడలేదని అర్థం. ఈ ఒక్క మాట అర్థమైతే సంచి ఎలా సర్దాలో మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

లోహాన్ని పసిగట్టే గుమ్మం కూయడం అందరికీ తెలిసినదే. మొలతాడులోని వెండి పూస, తాయెత్తు, చీర కుచ్చిళ్ళ దగ్గర పిన్నీసు, జడలో ఇరికించిన ఆరేడు పిన్నులు, ఏదైనా కూయించగలదు. మన దేశంలో గుమ్మం కూసినా కూయకపోయినా చేతి యంత్రంతో ఒళ్ళంతా ఒకసారి చూడటం ఆనవాయితీ, ఆడవాళ్ళకు తెర చాటున ఆడ కానిస్టేబులే చూస్తుంది. మంగళసూత్రం తీయమనరు. చేతులు పక్కకు చాపి ఎత్తు పీట మీద నిలబడితే పది పదిహేను సెకన్లలో అయిపోతుంది. 2019లోనే దేశంలోని ముఖ్యమైన విమానాశ్రయాల్లో బాడీ స్కానర్లు పెట్టాలని బీసీఏఎస్ ఆదేశించింది, గడువు 2020 మార్చి. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, నేను ఎక్కే చోట మాత్రం ఇప్పటికీ పీట, చేతి యంత్రమే స్వాగతం చెబుతున్నాయి.

మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్న పెద్దవాళ్ళకు గుమ్మం చాలావరకు కూస్తుంది. డాక్టరు కాగితం వెంట ఉంటే మంచిదే గానీ, అది సోదా నుంచి మినహాయింపు పత్రం కాదని ముందే తెలిసి ఉండాలి, సంభాషణ తొందరగా ముగించడానికి మాత్రమే పనికొస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కార్డు చూపించి, చేతి యంత్రాన్ని ఛాతీ మీద ఆపి ఉంచకుండా చేత్తో తడిమి చూడమని అడగాలి. అడగాలంటే భాష కావాలి, ధైర్యం కావాలి. ఈ రెండూ పుష్కలంగా ఉన్నవారికి కూడా ఏమి జరిగిందో 2021 అక్టోబరులో చూశాం. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, కృత్రిమ పాదంతో తిరిగి నాట్యం చేసి, ఆ కథతోనే తెలుగులో వచ్చిన సినిమాలో తానే నటించిన సుధా చంద్రన్, ప్రతిసారీ తనిఖీలో ఆ కాలు విప్పమంటున్నారని వీడియోలో ప్రధానమంత్రికే మొర పెట్టుకున్నారు. సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. దేశమంతా గుర్తుపట్టే మనిషి కాబట్టి ఆమెకు క్షమాపణ దక్కింది. మిర్యాలగూడ నుంచో మార్కాపురం నుంచో వచ్చి వరుసలో నిలబడే మనిషి వీడియో తీసినా చూసేదెవరు?

ఆవకాయ గురించి చెప్పకుండా తెలుగువాడు ఈ వ్యాసం ముగించలేడు. 2006 ఆగస్టులో లండన్ నుంచి అమెరికా, కెనడాలకు వెళ్ళే విమానాలను శీతల పానీయాల సీసాల్లో దాచిన ద్రవ పేలుడు పదార్థాలతో పేల్చేయాలన్న కుట్ర బయటపడింది. అప్పటి నుంచి మన దేశం నుంచి బయలుదేరే అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతిసంచిలో ద్రవం ఏదైనా 100 మిల్లీలీటర్లు మించని సీసాలో ఉండాలి, ఆ సీసాలన్నీ ఒక లీటరు సంచిలో ఇమడాలి. సగం ఖాళీ అయిన 200 మిల్లీలీటర్ల కొబ్బరినూనె సీసా పనికిరాదు, చూసేది సీసా కొలతనే. మరి ఆవకాయ ద్రవమా? నూనె తేలుతుంది కనుక వాళ్ళ లెక్కలో ద్రవమే, అది పెద్ద పెట్టెలోకే పోవాలి. పెరుగు కూడా అంతే, పులిహోర కాదు. పెద్దమ్మకు నేను చెప్పిన గుర్తు ఒకటే: గిన్నె వంచితే జారేదైతే పెద్ద పెట్టెలోకి, జారనిదైతే చేతిసంచిలోకి. చంటిపిల్లల పాలు, ప్రయాణంలో అవసరమైన మందులు ఈ లెక్కకు రావు, అయితే వాటిని దాచకుండా విడిగా చూపించాలి.

పొడుల సంగతి చాలామందికి తెలియదు. 2018 జూన్ 30 నుంచి అమెరికా వెళ్ళే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్ల డబ్బాకు సమానంగా గానీ అంతకు మించి గానీ పొడి ఉంటే అదనపు తనిఖీ చేస్తారు, తేల్చుకోలేకపోతే తీసేస్తారు. అంతకు ముందటి ఏడాది ఆస్ట్రేలియాలో బయటపడిన ఒక కుట్ర దీనికి నేపథ్యం. కందిపొడి, కరివేపాకు కారం, సున్నిపిండి, పసుపు, వీటిలో ఏ ఒక్కటీ లేకుండా అమెరికా బయలుదేరిన తెలుగు సంచిని నేనింకా చూడలేదు. గల్ఫ్ మీదుగా వెళితే అక్కడ ఇంకోసారి తనిఖీ ఉంటుంది, ఇక్కడ సెక్యూరిటీ దాటాక కొన్న నీళ్ళ సీసా అక్కడ పోతుంది. అబూధాబి మీదుగా అయితే అమెరికా ఇమ్మిగ్రేషను కూడా అక్కడే ముగుస్తుంది, 2014 నుంచి ఈ ఏర్పాటు ఉంది.

ఎండుకొబ్బరి మీద నిషేధం మనవాళ్ళకు మరీ వింతగా తోస్తుంది. అందులోని నూనె వల్ల అది దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణమున్న సరుకుల జాబితాలో ఉంది. పచ్చి కొబ్బరికాయను కూడా చేతిసంచిలో ఆపేస్తారు. దీనివల్ల శబరిమల వెళ్ళే స్వాములు నెయ్యి నింపిన కొబ్బరికాయ ఉన్న ఇరుముడిని తల మీద నుంచి దించి, సామానుతో పాటు బెల్టు మీద పంపాల్సి వచ్చేది. 2024 అక్టోబరులో మన శ్రీకాకుళానికి చెందిన కేంద్ర మంత్రి రామ్మోహన్ నాయుడు ఇరుముడిలోని కొబ్బరికాయను విమానంలోకి తమతోనే తీసుకువెళ్ళేందుకు ఆ సీజనుకు, అంటే 2025 జనవరి 20 వరకు, అనుమతి ప్రకటించారు. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల పరీక్ష, చేతి సోదా మాత్రం తప్పవని షరతు పెట్టారు. ఈ ఉదాహరణ నాకు నచ్చుతుంది. నియమం ఎందుకుందో అడిగారు, ఆ ప్రమాదాన్ని ఇంకో రకంగా అరికట్టవచ్చని తేలింది, దారి ఇచ్చారు. అమెరికాలో బూట్లు విప్పించే నియమం 2025 జులైలో పోయిందీ ఇలాగే: 2001 డిసెంబరులో ఒకడు బూటులో బాంబుతో విమానం ఎక్కడంతో పుట్టిన జాగ్రత్త అది, కొత్త యంత్రాలు వచ్చాక అక్కర తీరింది.

కారణాన్ని పక్కన పెట్టి హోదాను చూసే పద్ధతి కూడా మన దగ్గరే ఉంది. సోదా అక్కర్లేని పదవుల జాబితా ఒకటి ఉంటుంది. 2015లో అప్పటి పౌరవిమానయాన మంత్రి, విజయనగరం అశోక్ గజపతిరాజు, తాను పొగతాగుతాననీ, పదవిలోకి వచ్చాక తనను ఎవరూ సోదా చేయకపోవడంతో అగ్గిపెట్టె తనతోనే వస్తోందనీ ఒక సభలో దాపరికం లేకుండా చెప్పి విమర్శల పాలయ్యారు. నాకైతే ఆయన నిజాయితీ నచ్చింది, ఆ నిజం మాత్రం నచ్చలేదు. అగ్గిపుల్లకు ఎవరి జేబు అన్నది తెలియదు కదా. దీనికి ఎదురుగా అబ్దుల్ కలాంను పెట్టి చూడండి. 2009 ఏప్రిల్లో ఢిల్లీలో ఒక అమెరికా విమాన సంస్థ ఉద్యోగులు మాజీ రాష్ట్రపతి అని చూడకుండా ఆయనను సోదా చేశారు. మూడు నెలల తర్వాత విషయం బయటికి పొక్కి దేశమంతా మండిపడింది, ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. ఆయన మాత్రం ఆ మూడు నెలలూ నోరు మెదపలేదు.

ఇదంతా నాటకమేనని కొట్టిపారేసేవారున్నారు. అమెరికా భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నైయర్ దీనికి 'సెక్యూరిటీ థియేటర్' అని పేరే పెట్టాడు. ఆయన వాదనకు బలం లేకపోలేదు. 2015లో బయటికి వచ్చిన లెక్క ప్రకారం అమెరికా విమానాశ్రయాల్లో మారువేషంలో వెళ్ళిన ప్రభుత్వ తనిఖీదారులు నకిలీ ఆయుధాలు, బాంబులతో 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు దాటిపోయారు. అయినా నేను పూర్తిగా ఒప్పుకోను. ఇంటికి తాళం వేసేది తాళం పగలదని కాదు, పగలగొట్టడానికి కాస్త సమయం, కాస్త ధైర్యం కావాలని. అయితే నాటకమన్న మాట నిజమైనంత మేరకు, ఆ నాటకంలో ప్రేక్షకులకు అర్థమయ్యే భాష వాడటం కనీస మర్యాద.

తనిఖీ వరుసలో వీల్‌చైర్ల సంఖ్య ఎప్పుడైనా గమనించారా? అమెరికా విమానం ఉన్న రాత్రి హైదరాబాదులో వరుసగా ఇరవై ముప్ఫై కుర్చీలు కనబడతాయి. అందులో కూర్చున్న వాళ్ళలో కొందరు పొద్దున్నే పొలం గట్ల మీద రెండు మైళ్ళు నడిచి వచ్చినవాళ్ళు. కాళ్ళు బాగానే ఉన్నాయి, నోరే లేదు. కుర్చీ తోసే కుర్రాడు తెలుగులో మాట్లాడతాడు, కాగితాలు చూపిస్తాడు, ట్రేలో ఏది పెట్టాలో చెబుతాడు, గేటు దాకా దిగబెడతాడు. అందుకని పిల్లలు టికెట్టుతో పాటు కుర్చీ బుక్ చేస్తారు. నిజంగా నడవలేనివాళ్ళు ఆ కుర్చీ కోసం గంటలు కాచుకుంటున్నారని విసుక్కునేవారి మాట న్యాయమే. కానీ ఒక దుబాసీ చేయాల్సిన పనిని ఆ కుర్చీ చేస్తోందని గమనించకుండా, తల్లిదండ్రులు అబద్ధమాడుతున్నారని తిట్టడం నాకు న్యాయంగా తోచదు. ట్రేల దగ్గర నాలుగు బొమ్మలతో, పెద్ద అక్షరాలతో, కారణాలు చెప్పే తెలుగు బోర్డు ఒకటి, ఆపేసిన వస్తువును ఏం చేసుకోవచ్చో చెప్పే తెలుగు కాగితం ఒకటి, రద్దీ వేళల్లో తెలుగు వచ్చిన మనిషి ఒకరు ఉంటే ఆ కుర్చీల్లో చాలా ఖాళీ అవుతాయని నా నమ్మకం. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఒకప్పుడు చేతిసంచి ట్యాగు మీద ముద్ర లేకపోతే విమానం ఎక్కనిచ్చేవారు కాదు, 2017 ఏప్రిల్లో హైదరాబాదు సహా ఏడు చోట్ల ఆ ముద్రను తీసేశారు, కొంపలేమీ మునగలేదు. తలచుకుంటే మార్చగలరు.

పెద్దమ్మ రెండో ప్రయాణం మొన్న మాఘమాసంలో జరిగింది. ఈసారి జాబితా చదవలేదు, వారం రోజుల పాటు సాయంత్రం పూట పైన రాసిన సంగతులన్నీ కథల్లా చెప్పాను. కనిష్క కథ రెండుసార్లు చెప్పించుకుంది. మొదటి ప్రయాణం నుంచి తిరిగి వచ్చినప్పుడు ఆమె పెట్టెలో ఇంగ్లీషు అచ్చుకాగితం ఒకటి కనబడితే వీసాకు సంబంధించిన నోటీసేమోనని రెండు రోజులు అన్నం సహించలేదట. అక్కడ సామానును యజమాని లేకుండానే తెరిచి చూస్తారనీ, చూశామని చెప్పడానికి ఆ కాగితం పెడతారనీ ఇప్పుడు చెబితే 'చెప్పి చూశారన్నమాట, మర్యాదస్తులే' అన్నది. కొత్త అడకత్తెర కొన్నాం, ఇనుపది, చిలకలు లేవు. తనంతట తానే దాన్ని పెద్ద పెట్టెలో చీరల మడతల మధ్య దోపింది. కందిపొడి కూడా అటే పోయింది. సున్నం డబ్బీ చేతిలో పట్టుకుని 'ఇది జారుతుందా, జారదా' అని కాసేపు ఆలోచించి, దాన్నీ పెద్ద పెట్టెలోకే పంపింది. కుర్చీ వద్దన్నది.

సెక్యూరిటీ దాటాక గేటు దగ్గర నుంచి ఫోను చేసింది. మోకాలి దగ్గర గుమ్మం కూసిందట, చీర కాస్త పైకి లాగి కుట్టు మచ్చ చూపించి 'ఇనుము, ఇనుము' అన్నదట. ఆ ఆడ కానిస్టేబులుది బరంపురం, వచ్చీరాని తెలుగులో 'తెలుసమ్మా, మా అమ్మకీ ఉంది' అన్నదట. అంతా చెప్పి కాసేపు ఆగింది.

"ఒరేయ్ అబ్బాయ్, అన్నీ చెప్పావు గానీ, తర్వాత ఒకతను నా సంచి పిడిని చిన్న గుడ్డముక్కతో తుడిచి, ఆ ముక్క తీసుకెళ్ళి ఏదో మిషన్లో పెట్టాడురా. అదెందుకు?"

పేలుడు పదార్థాల ఆనవాళ్ళు చేతుల నుంచి సంచికి అంటుకుని ఉంటే ఆ మిషను పట్టేస్తుందనీ, ఒక్కోసారి ఎరువుల్లాంటివి అంటినా కూయవచ్చనీ చెప్పాను.

"ఎరువా! ఓరి నీ అసాధ్యం కూలా, బయలుదేరే ముందే కదరా పెరట్లో గులాబీలకు ఎరువేసి, చెయ్యి కడుక్కోకుండా సంచీ ఎత్తుకున్నాను. ముందే చెప్పొద్దూ?"